మందకావలి కుక్క



నేను ముప్పదియైదేండ్లు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల బడులలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. నన్నయభట్టారకుని ఆదిపర్వమున మొదట వచ్చు సరమ కథను ఎందఱు పిల్లలకు చెప్పితినో లెక్కలేదు. జనమేజయ మహారాజు సత్రయాగము చేయుచుండగా, దేవతల కుక్కయైన సరమ యొక్క పిల్ల అచ్చటికి పోయెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది హవిస్సును నాకలేదు, దానివంక చూడనైన లేదు. ఏడ్చుచు తల్లికడకు పోయెను. సరమ వచ్చి తన బిడ్డ చేసిన తప్పేమని యడుగగా సభలో బదులు చెప్పినవాడు లేడు. విచారింపక కొట్టినవారికి తెలియని దిక్కునుండి భయము వచ్చునని చెప్పి ఆమె వెడలిపోయెను.

ఇన్నిమారులు ఈ కథ చెప్పిన నేనే, గడచిన సంక్రాంతి సెలవులలో, సరమ యను పేరుగల కుక్కను బెత్తముతో కొట్టితిని. నేటి నా ప్రసంగము ఆ దెబ్బనుండి పుట్టినది.

మా పెద్దకుమారుడు హైదరాబాదున ఉద్యోగి. అతడొక జర్మను షెపర్డు జాతి ఆడుకుక్కపిల్లను కొనెను. మన ఊళ్లలో ఈ జాతిని అల్సేషియన్ అనియు అందురు. మేడమీది మూడుగదుల యింటిలో అది యిమిడినది కాదు. ఏడాది నిండునప్పటికి కోదాడ సమీపముననున్న మా యింటికి దెచ్చి విడిచెను. వాడు పెట్టిన ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరుగక, సరమ యని పిలిచితిని. అది ఒకచోట నిలువదు. తెల్లవారకమున్నే లేచి దొడ్డి చుట్టు తిరుగును. బఱ్ఱెదూడ వాకిలి దాటినచో మఱల లోనికి త్రోలుకొని వచ్చును. మా ఇంటామె ఎటు పోయిన వెంటబోయి వెంటవచ్చును. కొత్తవాడు వాకిట నిలిచిన వానిని అడుగు కదలనీయదు. ఇవి చూచి మేము మొదట ముచ్చటపడితిమి.

పండుగకు మనుమలు వచ్చిరి. వీధిపిల్లలును చేరి పదిమంది దొడ్డిలో పరుగులాడుచుండిరి. సరమ వారి చుట్టు సున్న చుట్టినట్లు తిరిగి తిరిగి, అందఱను గడ్డివామి మూలకు చేర్చెను. ఒక పిల్లవాడు తప్పించుకొని పరుగెత్తగా వెంబడించి మడమకడ పట్టెను. పన్ను దిగి నెత్తురు వచ్చినది. నేను నా పాత బెత్తము తీసి కుక్కను నాలుగు దెబ్బలు కొట్టితిని. పిల్లవాని గాయమును ధారపోసిన నీటిలో సబ్బుతో పావుగంటసేపు కడిగి, ప్రభుత్వ వైద్యశాలకు తీసికొనిపోయి టీకా వేయించితిమి. సరమను గుంజకు కట్టితిమి. పదునొకండు దినములు ఆ కట్టు విప్పలేదు. అది రాత్రులెల్ల ఏడ్చెను. గుంజ చుట్టు నేల త్రవ్వెను. కూడు సరిగా ముట్టలేదు. దీనికి మతి చెడినదనియు, దూరమున ఎక్కడనైన విడిచిరావలెననియు ఇంటివారు తీర్మానించిరి. నేనును సరే యంటిని.

ఆ దినములలోనే మా పొలమున గొఱ్ఱెలమంద ఆగియుండెను. వరికోత యైన పిమ్మట ఎరువు కొఱకు రాత్రులు పొలములో మంద నాపించుకొనుట మీ రెఱిగినదే. మందతో వచ్చిన కురుమ పెద్ద ఎనుబదేండ్లవాడు. తనకు రావలసిన ధాన్యము కొలిపించుకొనుటకు వచ్చి, గుంజకడ నిలిచి చాలసేపు కుక్కను చూచెను.

"దీనికి మతి చెడలేదు అయ్యగారూ, పని లేదు. మంద గాసే జాతిని గుంజకు కడితే అది ఏం జేస్తది?" అనెను. కొంత తడవునకు మఱల, "దీనికి మీరేం పని చెప్పిండ్రు?" అని యడిగెను.

సరమ యడిగినప్పుడు జనమేజయుని సభ ఎట్లుండెనో నేనును అట్లే యుంటిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱునాడు నాకున్న గ్రంథములను తెఱచి, కుక్కకును మందకును పూర్వులు పెట్టిన సంబంధ మెట్టిదో వెదకితిని. దొరకినది మీకు మనవి చేయుదును.

ఋగ్వేదమున సరమ ఇంద్రుని దూతి. పణులు గోవులను దాచగా వాని జాడ తీసినది ఆమెయే. పదవ మండలమందలి నూటయెనిమిదవ సూక్తము సరమకును పణులకును నడచిన సంవాదము. పణులు ఆమెను సోదరిగా చేసికొందుమనియు, గోవులలో పాలు పంచి యిత్తుమనియు ఆశపెట్టిరి. ఆమె యొప్పుకొనలేదు. లంచమునకు లొంగని కావలికత్తె యన్నమాట. ఆమె సంతతి గనుకనే కుక్కలకు సారమేయములని పేరు. ఏడవ మండలము ఏబదియైదవ సూక్తమున ఋషి యింటికుక్కతో, దొంగను చూచి మొఱుగవలెను గాని మమ్ము చూచి యేల మొఱుగుదువు, నిద్రపొమ్మని చెప్పును. మూడువేల యేండ్లకు పూర్వమును మన యిండ్ల వాకిళ్లలో ఇదే తగవు నడచినదని తెలిసి నాకు నవ్వు వచ్చినది. ఈ రెండుచోట్లను కుక్క ముద్దునకు పెంచుకొన్న జంతువు కాదు. ఒకచోట వెదకునది, ఒకచోట కాచునది. దానికి పనియున్నది.

ధర్మశాస్త్రము మఱియొక మాట చెప్పును. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున పశువుల యజమానునికిని కాపరికిని వచ్చు తగవులు కలవు. పగటివేళ పూచీ కాపరిది. రాత్రి మందను యజమానుని యింట చేర్చినచో పూచీ యజమానునిది. మేకలను గొఱ్ఱెలను తోడేళ్లు చుట్టుముట్టినప్పుడు కాపరి అడ్డము రాకపోయిన, చచ్చినదాని పాపము వానిదే. కుక్కలు చంపినదానికిని, కాపరి తగిన ప్రయత్నము చేయకుండెనేని, వాడే యిచ్చుకొనవలెను. గమనింపుడు. ఆ శాస్త్రము తోడేలును గాని కుక్కను గాని దోషిగా నిలువబెట్టలేదు. నీవేమి చేయుచుంటివని మనుష్యునే యడిగినది.

కౌటిల్యుని అర్థశాస్త్రము తాళపత్రములు 1905లో మైసూరున శామశాస్త్రిగారి చేతికి వచ్చి, 1909లో అచ్చయినవి. అందు గోధ్యక్ష ప్రకరణమున, వేటకాండ్రును కుక్కలను పెంచువారును దొంగల భయమును క్రూరమృగముల భయమును తొలగించిన అడవులలోనే, ఋతువు ననుసరించి పశువులను మేపవలెనని యున్నది. కుక్క ముందు నడిచినగాని మంద నడువరాదని రాజశాసనమే చెప్పినట్లైనది.

మన దక్కనుసీమలో మంద పుస్తకములకంటె ప్రాచీనమైనది. నాటి మహబూబునగరము జిల్లాలోని ఉట్నూరున 1957లో ఆల్చిన్ దొరగారు ఒక బూడిదదిబ్బను త్రవ్వించిరి. అది పశువుల పేడ కాలి యేర్పడిన దిబ్బ. నాలుగువేల యేండ్లకు పైబడిన ఆ దొడ్డి చుట్టు మ్రాకులు పాతి దడి కట్టిన గుర్తులు దొరకినవి. పశువుల గిట్టల జాడలు నేలపై అట్లే నిలిచియుండెను. ఆ దడి యెందులకు? రాత్రి కొఱకు. మందకు పగలు మేత చింత, రాత్రి ప్రాణ చింత.

తరువాతి కాలమున మేత కొఱకు యుద్ధములే నడచినవి. కాటమరాజు నెల్లూరిసీమలో పసులను మేపుకొనుటకు నల్లసిద్ధిరాజుతో ఒడంబడిక చేసికొనుట, పుల్లరి తగవు ముదిరి ఎఱ్ఱగడ్డపాటి పోరు జరుగుట గొల్లపెద్దలు నేటికిని కథగా చెప్పుకొందురు. సూర్యాపేట దగ్గఱ దురాజుపల్లి పెద్దగట్టుపై రెండేండ్లకొకమారు మాఘమాసమున జరుగు లింగమంతుల స్వామి జాతరకు పోయి చూడుడు. మందనుబట్టి బ్రతికిన జనమెంతటిదో అచ్చట తెలియును. కురుమల దేవుడు మల్లన్న. ఆ దేవునే కన్నడసీమలో మైలారుడందురు, మహారాష్ట్రమున ఖండోబా యందురు. మైలారుని గొరవలు నల్లకంబళి కప్పుకొని కుక్కలవలె మొఱిగి దేవుని సేవింతురు. ఖండోబా ప్రక్కన కుక్క ఉండనే యుండును. పండితుల యిండ్లలో గడప దాటనీయని జంతువును మందవారు దేవుని పరివారమున నిలిపిరి. ఎవరికి దానితో పని యుండెనో వారికే దాని విలువ తెలిసినది.

అయినను పేరు మాత్రము వేటకుక్కకే దక్కినది. కన్నడసీమలోని ఆతకూరున దొరకిన 949-950 నాటి శిల యొకటి కలదు. రాష్ట్రకూట రాజు మూడవ కృష్ణునికాలమున, గంగరాజు బూతుగుని భటుడు మణలేరుడు, కాళి యను తన కుక్క అడవిపందితో పోరి చచ్చినందున, చల్లేశ్వరుని గుడిముందు ఆ శిలను నిలిపి భూమి నిప్పించెను. కుక్కయు పందియు పోరు బొమ్మ దానిపై నున్నది. వేయేండ్లు గడచినను కాళి పేరు మనకు తెలియును. మందకడ తోడేలుతో పోరి చచ్చిన కుక్కలకు శిలయెవడు వేయించును? నేను కురుమ పెద్దను అతని కుక్క పేరేమని యడిగితిని. "కుక్కకు పేరేంది అయ్యగారూ, రా అంటే వస్తది" అనెను. కాని ఆ రాత్రి పొలముకడ చూచితిని: జొన్నగట్క గిన్నెలోనుండి మొదటి ముద్ద తీసి ఆ పేరులేని కుక్కకు పెట్టి, తరువాత తాను తినెను.

ఆ కుక్కను పెంచిన విధము అతడే చెప్పెను. కండ్లు తెఱచిన కొన్నాళ్లకే పిల్లను గొఱ్ఱెపిల్లల నడుమ విడుతురు. గొఱ్ఱెపాలు తాగించుదురు. అది గొఱ్ఱెలనే తన వారనుకొని పెరుగును. పగలు మంద నీడలో పడుకొనును. రాత్రి మేల్కొని గాలి మూచూచును. తోడేలు వాసన తగిలిన లేచి మొఱుగును, ఎదురేగును. చంపుట దాని పని కాదు. తఱిమి మఱల మందకు వచ్చుటయే పని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముచే తోడేలును చంపుట నిషిద్ధమైనందున, తఱుముటతో తృప్తిపడు ఈ కావలి నేటికిని సరియైనదే.

రోమకదేశపు వర్రో యను పండితుడు రెండువేల యేండ్లక్రింద కృషిశాస్త్రము వ్రాయుచు ఇట్టి మాటలే చెప్పెను. మందకు కుక్కను వేటకానికడను, మాంసము అమ్మువానికడను కొనవద్దనెను. మొదటిది కుందేలును చూచి పరుగెత్తును, రెండవది మంద వెంట నడువనోపని సోమరి. ఒక శ్రీమంతుడు దూరదేశమున మందను కుక్కలతోసహా కొనెననియు, మందను చేర్చిన కాపరులు తిరిగి పోగా, కొన్నాళ్లకు ఆ కుక్కలు ఎన్నో దినముల దారి తమంతట తామే నడచి పాత కాపరులను చేరుకొన్నవనియు వ్రాసెను. కుక్కను కొనవచ్చును గాని అది చేయు కావలిని సొమ్మిచ్చి కొనలేము.

ఇంతవరకు చదివి నేను కురుమ పెద్దకడకు పోయి, సరమను మీ మందకడకు తేవచ్చునా యని యడిగితిని. అతడు దానిని త్రాట పట్టి తన ముసలికుక్క ప్రక్కన నడిపించెను. మొదటి దినము గొఱ్ఱెలు దానిని చూచి బెదరి చెదరినవి. "ఇది మా లెక్క కాదు. మా కుక్క మంద లోపల ఉంటది, ఇది మంద చుట్టూ తిరుగుతది" అని నవ్వెను. నాలుగవ దినమున మందను కాలువగట్టు వెంట మఱియొక పొలమునకు తోలుచుండిరి. రెండు ప్రక్కలను యాసంగి వరినాట్లు పచ్చగా నుండెను. సరమ, త్రాటితోనే, గట్టు అంచున ముందునకును వెనుకకును నడచుచు, పచ్చనివైపు మెడచాచిన ప్రతి గొఱ్ఱెను మఱల దారికి త్రిప్పెను. దానికి ఎవరును నేర్పలేదు. పెద్దాయన నిలిచి చూచి, "అదిగో, దాని పని దానికి యాదికొచ్చింది" అనెను.

ఆ జాతి చరిత్ర తెలిసికొనగా సంగతి బోధపడినది. జర్మనీదేశమున పొలములకు కంచెలు లేని చోట్ల, మందకును పైరునకును నడుమ దినమంతయు నడచుచు కదలెడి కంచెవలె పనిచేసినవి ఆ కుక్కలు. అశ్వదళమున కప్తానుగా పనిచేసిన మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ 1899లో అట్టి కుక్కనొకదానిని కొని, హొరాండ్ అని పేరిడి, ఆ యేటనే ఆ జాతి కొఱకు సంఘము స్థాపించెను. జర్మనీలో మందలు తగ్గుచున్న కాల మది. ఆయన తన కుక్కలకు పని పోవునని యెఱిగి, రక్షకభటులకును సైన్యమునకును వానిని అలవాటు చేయించెను. మొదటి మహాయుద్ధమున కండ్లు పోయిన సైనికులకు దారి చూపుట నేర్పుటకు 1916లో ఓల్డెన్‌బర్గున బడి పెట్టిరి. ఆ యుద్ధకాలపు ద్వేషమువలన ఇంగ్లండున జర్మను పేరు విడిచి అల్సేషియన్ అనిరి. 1977లోగాని పాతపేరు అచ్చట మఱల నిలువలేదు. పేరు మార్చినను కుక్క బాగుగనే బ్రతికినది. పని తీసివేసియున్న బ్రతికెడిది కాదు. అందుకే స్టెఫానిట్జ్ మంద పోయినచోట మఱియొక పని చూపెను. మా వాడు హైదరాబాదున చూపనిదియు, నేను నా దొడ్డిలో చూపనిదియు అదియే. చూపకపోగా, పిల్లలను మందగా తలచి అది తన పని తాను కల్పించుకొన్ననాడు కొట్టితిని.

మన సీమలోను మందకు అదే గతి పట్టుచున్నది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూరునగరము, కోదాడ నేలలను వరిమాగాణి చేసినది. నా చిన్ననాట మెట్టచేలు, బీళ్లు కన్నుచూపుమేర నుండెడివి. ఆ నీటివలన మన కడుపులు నిండినవి, కాదనను. కాని బీడు పోయినచో మంద గట్లపై నడువవలెను. నల్లని ఉన్ని యిచ్చు దక్కనీ గొఱ్ఱె తగ్గి, మాంసమునకు పెంచు నెల్లూరి గొఱ్ఱె పెరిగినది. గొంగడి నేయువారు తగ్గిరి. 2017లో తెలంగాణ ప్రభుత్వము డెబ్బదియైదు పాళ్లు రాయితీపై ఇంటికి ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినది. మంచి పనియే. ఆ లెక్కలో కుక్క లేదు. లెక్కలలో అది యెన్నడును లేదు. కురుమ పెద్ద కొడుకు లిద్దఱును పట్టణమున పనులు చేసికొనుచున్నారు. తన తరువాత ఆ మంద వెంట నడుచువాడు లేడని అతడు చెప్పినప్పుడు, ముసలికుక్క అతని కాళ్లకడ పడుకొనియుండెను.

మంద మఱియొక యూరికి పోయినది. సరమకు మఱల పని లేకుండ పోయినది. ఇపుడు ఉదయము రెండుమైళ్లు, సాయంకాలము రెండుమైళ్లు కాలువగట్టుపై దానిని నేను నడపుచున్నాను. దూడను మేతనుండి ఇంటికి తోలుకొనివచ్చుట దాని పనిగా పెట్టితిని. పొలము గట్లు నాలుగు వైపుల తిరిగిన తరువాతనే దానికి కూడు. రాత్రులిప్పుడు ఏడ్చుట లేదు. అంతటితో సర్వము చక్కబడినదని చెప్పను. పిల్లలు పరుగెత్తిన దాని చెవులు నేటికిని నిక్కును. అట్టివేళ నేను దగ్గఱ నుండియే తీరవలెను. కఱవబడిన పిల్లవాడు మా దొడ్డిలోనికి రాడు. గోడ అవతలనే నిలిచి మా మనుమలతో మాటలాడును. నేను వాని యింటికి పోయి, తప్పు కుక్కది కాదు, నాదని వాని తల్లిదండ్రులతో చెప్పితిని. వైద్యమునకైన వ్యయమిచ్చితిని. మనుస్మృతి చదివినవాడు చేయదగినది అంతకు తక్కువ కాదు.

పెద్దలారా, మీ కొడుకులు మనుమలు పట్టణములనుండి ఇట్టి జాతికుక్కలను తెచ్చుచున్నారు. తెచ్చినప్పుడు వెల యెంతయని యడుగకుడు. దీనికి ఏమి పని చెప్పెదవని యడుగుడు. పని చెప్పలేనివాడు దానిని తేరాదు. తెచ్చినవాడు ఏటేట పిచ్చికుక్కకాటు టీకా వేయింపవలెను. 1885లో పాశ్చర్ పండితుడు కనిపెట్టిన ఆ మార్గముచే, వేళకు టీకా పొందిన ప్రాణములెన్నో నిలిచినవి. మందకుక్క గలవారు చచ్చిన గొఱ్ఱె తలను పచ్చిగా దానికి వేయకుడు. అందుండి కుక్క ప్రేగులలో బద్దెపురుగు పుట్టును. ఆ పురుగు గ్రుడ్లు మేతలో కలిసి గొఱ్ఱె మెదడులో నీటిబుడగ కట్టును. అట్టి గొఱ్ఱె ఒకవైపునకే గిరగిర తిరిగి తిరిగి చచ్చును. తలను పూడ్చిపెట్టుడు, కుక్కకు పురుగుల మందు వేయుడు.

మఱియొక మాట. మీ పొలమున మంద ఆగినప్పుడు గింజలు కొలిచి యిత్తురు గదా. ఆ రాత్రి మందకడ మేల్కొనియున్న కుక్కకును ఒక ముద్ద పంపుడు. ఈ పొలముల ఎరువునకు, ఈ ఊళ్ల గొంగళ్లకు అది తరతరములుగా కాపుండెను. దానికి శిల వేయింపకున్నను, కూటికి లోటు రానీయరాదు.

సెలవు.